ఎదుగు బిడ్డకు క్రొత్త అంగీ

పఠనభాగము: 1 సమూయేలు 2:18–19, 2 కొరింథీయులకు 12:14

షిలోహు మందిరములో పరిచర్య చేయుచున్న సమూయేలు కొరకు హన్నా ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోవుచుండెను. నిరుటి అంగీ ఈ యేట చాలదు. బిడ్డ ఎంత ఎదిగియుండునో ఊహించి ఆమె గుడ్డ కత్తిరింపవలెను. కుమారుని దేవునికి అప్పగించిన ఆ తల్లి అతని ఎదుగుదలను మరువలేదు. దానిని చూచి దుఃఖింపలేదు. దానికి తగిన వస్త్రమును సిద్ధపరచెను.

బిడ్డ ఎదుగుటను ఓర్వలేని ప్రేమయు లోకములో కలదు. అమెరికా దేశపు బాలనటుడు జాకీ కూగన్ జీవితము దీనికి నిదర్శనము.

అతడు 1914లో లాస్ ఏంజిలిస్ నగరమున నటుల కుటుంబములో జన్మించెను. 1921లో విడుదలైన చార్లీ చాప్లిన్ మూగచిత్రము ‘ది కిడ్’లో అనాథ బాలుడుగా నటించి, ఆరేండ్ల ప్రాయముననే లోకప్రసిద్ధుడాయెను. అతని పేరున బొమ్మలు సహితము అమ్ముడుపోయెను. 1924లో నియర్ ఈస్ట్ రిలీఫ్ సంస్థ పక్షమున అతడు పర్యటించి, యుద్ధమువలన దిక్కులేనివారైన పిల్లల కొరకు సహాయము సమకూర్చెను. తెరమీద అనాథగా కనబడినవాడు నిజమైన అనాథలకు మేలు చేసెను.

అయితే బాలుడు ఎదుగక మానడు. 1927లో వచ్చిన ఒక చిత్రమునకు అతని జుట్టు కత్తిరించుటయే ముఖ్యాంశమాయెను. ప్రజలు ముద్దాడిన పసిరూపము మాసిపోవుచుండెను. 1930లో ‘టామ్ సాయర్’, 1931లో ‘హకల్‌బెరీ ఫిన్’ చిత్రములలో నటించినను, మునుపటి వైభవము తిరిగి రాలేదు. బాలుడు ఏ తప్పును చేయలేదు, ఎదిగెను, అంతే.

1935లో తండ్రి కారు ప్రమాదములో మరణించెను. ఆ సంవత్సరమే జాకీకి ఇరువదియొక్క ఏండ్లు నిండెను. చిన్ననాడు అతడు సంపాదించినది ముప్పది, నలువది లక్షల డాలర్లని అంచనా. అది అతని చేతికి రాలేదు. 1938లో అతడు తన తల్లిమీదను సవతి తండ్రిమీదను వ్యాజ్యెము వేసెను. ఆనాటి కాలిఫోర్నియా చట్టము ప్రకారము మైనరు బిడ్డ ఆర్జన తలిదండ్రులకే చెందును. తుదకు అతనికి దక్కినది సుమారు 1,26,000 డాలర్లు మాత్రమే.

ఈ వ్యాజ్యెము ఫలితముగా 1939లో బాలనటుల రక్షణకు చట్టము పుట్టెను. అది కూగన్ పేరనే పిలువబడుచున్నది. 2000 సంవత్సరములో దానిని బలపరచి, ఆర్జన బిడ్డదేయనియు, అందులో నూటికి 15 వంతులైనను అతని కొరకు భద్రపరచవలెననియు నిర్ణయించిరి.

చట్టము జీతమును కాపాడగలదు. బాల్యమును కాపాడవలసినది గృహమే. కొరింథులోని విశ్వాసుల ధనము తనకు అక్కరలేదనియు, వారే తనకు కావలెననియు పౌలు తెలియజేసెను. పిల్లల కొరకు కూడబెట్టుట తలిదండ్రుల ధర్మమేగాని, తలిదండ్రుల కొరకు కూడబెట్టుట పిల్లల ధర్మము కాదని దానికి కారణము చూపెను. మనకు కావలసినది బిడ్డయా, బిడ్డవలన కలుగు లాభమా? ఈ ప్రశ్న సినిమా కుటుంబములకే పరిమితము కాదు. పరీక్షలో మొదటి స్థానము, సండేస్కూలు బహుమానము, ఆలయములో మధురముగా పాడిన కంఠము, ఇవియు తలిదండ్రుల గొప్పకు పెట్టుబడి కావచ్చును. కంఠము మారిననాడు, మార్కులు తగ్గిననాడు ఆ బిడ్డకు మన యింట మునుపటి ఆదరణ దొరకుచున్నదా?

కూగన్ జీవితము బాల్యముతో ముగియలేదు. 1944లో అతడు బర్మా యుద్ధరంగమున గ్లైడర్ నడిపెను. 1964 మొదలు 1966 వరకు ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ అను టెలివిజన్ ధారావాహికలో బోడితల మామగా నటించి మరియొక తరమును నవ్వించెను. 1984లో, అరువదితొమ్మిదవ యేట మరణించెను. జనసమూహము ఆదరించినది అందులో కొద్ది యేండ్లే. దేవుడైతే ఆ అరువదితొమ్మిది యేండ్ల మనుష్యుని అంతటిని ఎరిగియున్నాడు.

ధ్యానించుటకు:
1. మన బిడ్డలో నిరుటికంటె మారినదేమి? దానికి తగిన “అంగీ” సిద్ధపరచితిమా?
2. బిడ్డ పేరున వచ్చిన ధనమునకు మనము యజమానులమా, గృహనిర్వాహకులమా?

ప్రార్థన: తండ్రీ, నీవు మాకప్పగించిన బిడ్డలను వారి ఎదుగుదలతోకూడ ప్రేమించు హృదయమును మాకు దయచేయుము. ఆమేన్.