తుఫాను జాడ: లెక్కలు కలియనప్పుడు నేతవారు చేయదగినది

కోలారు సముద్రమునకు దూరము. 800 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. కావున తుఫాను గాలి తీరమున కొట్టినట్లు మనను కొట్టదు. కాని అది తీరము దాటి బలహీనపడిన పిమ్మట మబ్బు, ముసురు పడమటికి సాగి మన సీమకు వచ్చుట కలదు. 2022 డిసెంబరు 9 రాత్రి మహాబలిపురము వద్ద తీరము దాటిన మాండౌస్ తుఫాను దక్షిణ కర్ణాటకమునకు వానను, చలిని తెచ్చినది. ముసురులో వీధి పడుగుకు పెట్టిన గంజి ఆరదు. అద్దకపు నూలు ఆరదు. గుంట మగ్గములో నీరు ఊరును. పట్టుగూళ్లకు చెమ్మ తగులును. అందుచేత తుఫాను సూచనను చదువుట మన వృత్తికి కావలసిన విద్యయే.

తుఫాను తనంత తాను నడవదు. చుట్టునున్న పెద్ద గాలులు దానిని నడుపును. ఉత్తరమున అధిక పీడనము గట్టిగా నిలిచిన పడమటికి వచ్చును; అది సడలిన ఉత్తరమునకు మళ్లును. సముద్రముపై కొలతలు తక్కువ. అమెరికా, ఐరోపా, భారత కేంద్రముల గణక యంత్రములు కొద్ది తేడాతో లెక్క మొదలుపెట్టును. అచ్చులో ఒక పోగు తప్పిన లోపము గుడ్డ పొడవునా సాగును గదా! ఇక్కడ అది సాగుటే గాక పెరుగును కూడ. ఈ సంగతిని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపెను.

అందుకే 1992 నుండి పెద్ద కేంద్రములు ఒకే లెక్కను స్వల్ప మార్పులతో అనేక పర్యాయములు వేయుచున్నవి. దారులన్నియు దగ్గరగా వచ్చిన నమ్మకము హెచ్చు. చెదరిన సందేహము హెచ్చు. సాధారణముగా వాటి సగటు ఏ ఒక్క లెక్కకన్నను మేలు. కాని దారులు రెండు పాయలుగా చీలినచో నడిమి గీత మోసము. తుఫాను ఏదో ఒక పాయన పోవును.

రెండు ఉదాహరణలు చూడుడు. 2019 ఏప్రిల్ చివర ఫణి తుఫాను తమిళనాడు వైపు రావచ్చునని మొదట అనుకొనిరి. అది ఉత్తరమునకు మళ్లి మే 3న ఒడిశాలో పూరీ వద్ద తీరము దాటెను. 2013 నవంబరులో అతి తీవ్రమైన లెహర్ తుఫాను సముద్రముమీదనే క్షీణించి, 28న మచిలీపట్నము చెంత వాయుగుండముగా మాత్రమే తీరము చేరెను. మొదటిదానిలో దారి మారెను. రెండవదానిలో బలము మారెను.

ఇక మన పని:

1. మనకు అనుకూలమైన లెక్కను ఏరుకొనరాదు. పటములో గరాటువలె గీచిన పరిధినంతను చూడవలెను. అది తుఫాను కేంద్రము పోగల చోటును మాత్రమే తెలుపును. వాన దానికి వెలుపల కూడ పడును.

2. ఒక్క ప్రకటనతో ఆగక, వరుసగా వచ్చువాటిని పోల్చవలెను. అన్నియు ఒకే దిక్కుకు జరుగుచున్న ఆ జరుగుటయే సూచన.

3. బెంగళూరు వాతావరణ కేంద్రము జిల్లాకు ఇచ్చు రంగులను గమనింపవలెను. పసుపైన కనిపెట్టి యుండుడు, నారింజయైన సిద్ధపడుడు, ఎరుపైన చేయవలసినది వెంటనే చేయుడు.

4. ఖర్చు లేని పనులు ముందు చేయవలెను. నూలు, పట్టు నేలమీదనుండి అటకకు ఎక్కించుట, మగ్గపు గుంట చుట్టు కట్ట వేయుట సందేహములో నున్నప్పుడే తగును. కూలి నష్టము గల పనిని, అనగా పడుగు ఆపుటను, తరువాతి ప్రకటన చూచి తేల్చుకొనవచ్చును.

లెక్కలు కలియువరకు ఊరకుండుట జాగ్రత్త కాదు. పడుగు ఆపిన పిమ్మట ఎండ కాసిన పోవునది ఒక పూట కూలి. ఆపక వాన కురిసిన పోవునది పడుగంతయు. ఈ రెంటిని తూచి చూచుకొన్నవానికి ఏ లెక్క నిజమగునో ముందే తెలియనక్కరలేదు.