కోత మిషను చైనుకు నూనె అందకపోతే ఏమి చేయాలి?

పాల వ్యాను వేళకు వస్తేనే మన పాలు విరగకుండా శీతల కేంద్రం చేరతాయి. రామాపురం, బాపట్ల, రేపల్లె వైపు తీర గ్రామాలలో తుపాను గాలికి చెట్టు కూలితే ఆ దారి మూసుకుపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో ఎన్నో చెట్లు రోడ్ల మీద పడ్డాయి. అటువంటి రోజున ఊరిలో ఒక్క కోత మిషను సరిగా ఉన్నా దారి తెరుచుకుంటుంది. కాని చైనుకు నూనె అందని మిషను కొద్దిసేపటిలోనే మొరాయిస్తుంది. ఈ లోపాన్ని చాలావరకు మనమే సరిచేసుకోవచ్చు. ఎలాగో తెలిసికొందాం.

నూనె నడిచే దారి

నూనె ట్యాంకులో చిన్న జల్లెడ ఉంటుంది. పంపు ఆ జల్లెడ గుండా నూనెను పీల్చి, మిషను పక్కనున్న రంధ్రంలోనికి నెడుతుంది. అక్కడినుంచి బార్ రంధ్రంలోకి, గాడిలోకి పోతుంది. తిరిగే చైను దానిని బార్ కొన వరకు మోసుకుపోతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా చైను ఎండిపోతుంది.

గుర్తించుట ఎట్లా?

బార్ నుండి పొగ రావడం, బార్ అంచు నీలిరంగుకు తిరగడం, చైను త్వరగా సాగి వదులు కావడం దీని గుర్తులు. పెట్రోలు అయిపోయినా నూనె ట్యాంకు ఇంకా నిండుగానే ఉంటే నూనె కదలడం లేదని తెలుసుకోండి. చైను మొద్దుబారినా పొగ వస్తుంది కనుక ఒక పరీక్ష చేయాలి. ఎండిన అట్టముక్కను నేలపై ఉంచి, దానికి జానెడు ఎత్తున బార్ కొనను పట్టుకుని, ఇంజనును సగానికి మించిన వేగంతో నిమిషం పాటు నడపండి. చైను నేలకు తగలరాదు. అట్ట మీద నూనె చార పడకపోతే కోత ఆపివేయాలి.

వరుసగా చూడవలసినవి

ముందు ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు వైరు ఊడదీయండి. చేతులకు తొడుగులు వేసుకోండి.

1. ట్యాంకులో నూనె ఉన్నదా? పెట్రోలు పోసిన ప్రతిసారీ నూనె కూడా నింపాలి. పెట్రోలులో కలిపే నూనె వేరు, చైను నూనె వేరు.

2. నూనె తగ్గించి పెంచే స్క్రూ కొన్ని మిషన్లకు అడుగున ఉంటుంది. అది బాగా తగ్గించి ఉన్నదేమో చూడండి.

3. పక్క మూత విప్పి బార్, చైను తీయండి. బార్ గాడిని, రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయండి. సరుగుడు తోటల ఇసుక, రంపపు పొట్టు నూనెతో కలిసి ఇక్కడే గడ్డకడతాయి. మిషను మీది రంధ్రాన్ని కూడా తుడవండి.

4. ట్యాంకు మూత తీసేటప్పుడు గాలి లోనికి పీల్చిన చప్పుడు వస్తే గాలి రంధ్రం పూడినట్లే. దానిని శుభ్రం చేయాలి.

5. కొక్కెం తీగతో జల్లెడను బయటకు లాగి, కిరోసినులో కడిగి, ఆరబెట్టి తిరిగి పెట్టండి. గొట్టం చీలి ఉంటే మార్చాలి.

ఇంతవరకు చేసినా నూనె రాకపోతే పంపును, దానిని తిప్పే మరచక్రాన్ని మెకానిక్కుకు చూపించండి. చాలా మిషన్లలో ఈ చక్రం ప్లాస్టిక్కుది. చైను బ్రేకు వేసి ఉండగా ఇంజను వేగం పెంచితే క్లచ్చి వేడికి అది కరుగుతుంది.

మేత కోసేవారు గమనించాలి

కాలిన ఇంజను నూనె చవకని పోయకండి. దానిలోని లోహపు రజను పంపును, బార్‌ను అరగదీస్తుంది. అంతేకాదు, చైను నుండి చిందిన నూనె కొమ్మల మీద పడుతుంది. సుబాబుల్, అవిస కొమ్మలు కోసి గేదెలకు వేసేవారు నూనె పడిన ఆకును వేరుచేసి పారవేయాలి. మేత కొమ్మలకు కొడవలి వాడడమే మేలు.

బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు మనకు తుపానుల కాలం. సెప్టెంబరులోనే అట్టముక్క పరీక్ష చేసి ఉంచుకోండి. చెట్టు పడిన తరువాత మిషను విప్పుకుంటూ కూర్చుంటే ఆ పూట పాలు వ్యాను ఎక్కవు.