పడవను నడిపేది చేతులా, కాళ్లా?

పిల్లలూ! తెడ్డు వేసే మనిషికి ఏ అవయవం బలంగా ఉండాలి? మా వైరా రిజర్వాయరు గట్టున నిలబడి ఈ ప్రశ్న అడిగితే తరగతి అంతా "చేతులు" అంది. పందెం పడవల విషయంలో ఆ జవాబు చాలదు.

హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో జాతీయ రోయింగ్ పోటీలు జరిగాయి. ఈ పడవలో ఆటగాడి పీట చిన్న చక్రాల మీద జరుగుతుంది. పాదాలు పడవలో బిగించిన పలకకు ఆని ఉంటాయి. అతడు మోకాళ్లు మడిచి, తెడ్డు నీట ముంచి, పలకను రెండు కాళ్లతో గట్టిగా తన్నుతాడు. ఆ బలం నడుము, వీపు, చేతుల మీదుగా తెడ్డుకు చేరుతుంది. పెద్ద వాటా కాళ్లదే!

మరి కుడికాలు ఎక్కువ బలంగా తన్నితే పడవ పక్కకు తిరుగుతుందా? అంతమాత్రాన తిరగదు. బండిలో కూర్చుని బండిని తోస్తే కదులుతుందా? ఇదీ అంతే. పడవను నడిపేది, తిప్పేది బయటి బలం, అంటే తెడ్డు మీద నీటి ప్రతిచర్య. న్యూటన్ మూడో సూత్రం గుర్తుందిగా!

అయితే కాళ్ల తేడాతో పనేమిటి? 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అర్జున్ లాల్ జాట్, అరవింద్ సింగ్ చెరి రెండు తెడ్లు వేసి వెండి పతకం తెచ్చారు. బాబూలాల్ యాదవ్, లేఖ్ రామ్ చెరి ఒక తెడ్డు వేసి కంచు పతకం తెచ్చారు. ఒకే తెడ్డు వేసేవారి నడుము ప్రతిసారీ ఒకే పక్కకు మెలి తిరుగుతుంది. 2,000 మీటర్ల పందెంలో ఇలా 200 సార్లకు పైగా! శ్రమ ఒక పక్కకే పడకుండా శిక్షకులు జాగ్రత్త పడేది అందుకే. కొద్దిపాటి తేడా అందరికీ ఉంటుంది. దాన్ని బట్టే గెలుపోటములు చెప్పలేం.

మీరూ చూడండి. బరువు చూసే యంత్రాలు రెండు పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో పాదం ఉంచండి. గోడకుర్చీ వేసినట్టు మోకాళ్లు కొంచెం వంచి, కదలకుండా ఉండండి. స్నేహితులు అంకెలు చదవాలి. ఇది కాలి పూర్తి బలాన్ని చెప్పదు, బరువును ఎలా పంచుకుంటున్నామో చెబుతుంది.

మా తరగతిలో పరుగు పందెం కుర్రాడికి ఎడమ పక్క 4 కిలోలు తక్కువ వచ్చింది. "నా కాలు బలహీనం, ఇక పరుగెత్తను" అని దిగులుపడ్డాడు. యంత్రాలను అటుదిటు, ఇటుదటు మార్చాం. ఈసారి కుడి పక్క 4 కిలోలు తగ్గింది! లోపం యంత్రానిది, కాలిది కాదు. మరునాడు మళ్లీ పరుగుకు వచ్చాడు.

కొలతలో తేడా కనిపిస్తే ముందు కొలిచే సాధనాన్ని అనుమానించండి. ఆ తర్వాతే కాలిని!