ఎండలో మేలెంత? కీడెంత?



గడ్డి కోసినా, గేదెను తోలినా, పేడ ఎత్తినా ఎండలోనే. ఎండ మనకు కొత్త కాదు. అయినను దాని విషయంలో మనం రెండు పొరపాట్లు చేస్తున్నాము. కావలసినవారు ఎండకు రావడం లేదు. తప్పుకోవలసిన వేళ తప్పుకోవడం లేదు.

మేలు

ఎముకల గట్టిదనానికి కాల్షియం కావాలి. లీటరు ఆవుపాలలో ఇది సుమారు 1200 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే అది ఒంటబట్టాలంటే డి విటమిన్ ఉండాలి. పాలలో సహజంగా ఉండే డి విటమిన్ చాలా స్వల్పం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలితే అది మన ఒంట్లోనే తయారవుతుంది. చాలకపోతే పిల్లల కాలి ఎముకలు వంగుతాయి. పెద్దలకు ఎముకలు మెత్తబడి నడుము, తొడలు నొప్పి పెడతాయి.

తెల్లవారి లేత ఎండే మంచిదని పలువురి నమ్మకం. ఆ వేళ కిరణాలు ఏటవాలుగా వస్తాయి కనుక పని జరగదు. మన నీడ మన ఎత్తు కన్న పొట్టిగా ఉన్నప్పుడే ఫలితం. కనుక వేసవిలో 9 గంటలు దాటాక, చలికాలంలో 11 గంటల వేళ, ముఖానికీ చేతులకూ కొంతసేపు ఎండ తగలనివ్వాలి. గాజు కిటికీ వెనుక కూర్చుంటే చాలదు. చీకటితో పాలు పిండి పగలంతా ఇంటిపట్టునే ఉండే స్త్రీలు, వృద్ధులు దీనిని ముఖ్యంగా గమనించాలి.

కీడు

ఒక రోహిణీ కార్తెలో మేము ఒక సంఘం తనిఖీకి వెళ్లాము. రిజిస్టర్లు చూడడంలో సాయంత్రపు సేకరణ గంటకు పైగా ఆలస్యమైంది. సభ్యులు చెంబులు, క్యాన్లతో ఎండలోనే నిలబడ్డారు. ఒక పెద్దామె మాట తడబడి కూలిపోయింది. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి, విసరి, ఆసుపత్రికి పంపితే బ్రతికింది. ఆనాడు రిజిస్టర్లలో తప్పు దొరకలేదు. తప్పు మాదే.

ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి, మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. ముందు చల్లబరచాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట నీరు, మజ్జిగ పోయరాదు. ఏళ్ల తరబడి తీవ్రమైన ఎండ పడితే కంటిలో శుక్లాలు కూడా త్వరపడతాయి.

గేదెకు నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఎండలో కట్టివేస్తే రొప్పుతుంది, మేత మానుతుంది, పాలు తగ్గిస్తుంది. దానికి నీడ, చెరువు నీరు కావాలి. పాలకూ ఎండ పడదు. త్వరగా విరుగుతాయి, బి2 విటమిన్ నశిస్తుంది.

సంఘాలు చేయవలసినవి

1. సేకరణ కేంద్రం ముందు తాటాకు పందిరి, తాగునీటి కుండ.
2. వేసవిలో ఎండ తగ్గిన తరువాతనే సాయంత్రపు సేకరణ.
3. తనిఖీ ఉన్నా, పాలు పోయించుకొన్న తరువాతనే రిజిస్టర్లు.

మూడవది మేము ఆ రోజు నుండి పాటిస్తున్నాము. మేము మరచిన చోట సభ్యులు నిలదీయవచ్చును.