పాత నాలుగు కోర్ల ప్రాసెసరు వేగమును పెంచుట

ఇండ్లలో మూలబడియున్న పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఇంటెల్ వారి కోర్ 2 క్వాడ్ క్యూ6600 అను ప్రాసెసరు గలవి నేటికిని కొన్ని కానవచ్చుచున్నవి. ఇది 2007వ సంవత్సరారంభమున విపణికి వచ్చినది. దీనికి తయారుచేసినవారు నియమించిన వేగము 2.4 గిగాహెర్ట్జులు, అనగా దీని గడియారము సెకనునకు 240 కోట్ల మాఱులు కొట్టుకొనును. ఆ నియమిత వేగమును యజమాని తానే పెంచుకొనుటకు ఓవర్‌క్లాకింగ్ అని పేరు. క్రొత్త యంత్రమును కొనజాలని విద్యార్థికి ఇది ఆశ గొలుపు విద్యయే. అయినను దీనియందొక అపాయము దాగియున్నది. అది యంత్రము కాలిపోవుట గాదు. అది యెట్టిదో నా యనుభవమునుండియే చెప్పెదను గాని, మొదట విషయమును తెలిసికొందము.

మదర్‌బోర్డు మీద 266 మెగాహెర్ట్జుల మూలగడియారమొకటి యుండును. ప్రాసెసరు దానిని 9 చేత గుణించుకొని తన వేగమును నిర్ణయించుకొనును. ఈ 9ని తగ్గింపవచ్చును గాని పెంచుటకు వీలులేదు. కావున మూలగడియారమునే పెంచవలెను. దానిని 333 చేసినచో 3.0, 400 చేసినచో 3.6 గిగాహెర్ట్జులు వచ్చును. జ్ఞాపకపు పలకలు, అనగా ర్యామ్, కూడ ఈ మూలగడియారమునకే ముడిపడియున్నవి. బయోస్‌లో వాని నిష్పత్తిని తగ్గింపనియెడల వాని తప్పు ప్రాసెసరు తప్పుగా తోచి మనలను త్రిప్పలు పెట్టును.

ఇక వోల్టేజి సంగతి. 2.4 గిగాహెర్ట్జుల వద్ద ఒక్కొక్క కొట్టుకు నడుమ నుండు వ్యవధి నానోసెకనులో సుమారు 0.42 వంతు, 3.6 వద్ద 0.28 వంతు మాత్రమే. ఆ లోపలనే ట్రాన్సిస్టర్లు మాఱి, సంకేతము తన చోటు చేరవలెను. వోల్టేజి పెంచినచో అవి త్వరగా మాఱును. తూము వద్ద నీటిమట్టము పెరిగినచో కుండ త్వరగా నిండుట వంటిదే యిది. అయితే దీనికి చెల్లింపవలసిన వెల హెచ్చు. పనిచేయునపుడు పుట్టు వేడి, వేగమును వోల్టేజి యొక్క వర్గముచేత గుణించిన లబ్ధము ననుసరించి పెరుగును. విద్యార్థులారా, ఈ లెక్కను మీరే కాగితము మీద చేసి చూడుడు. వేగము 2.4 నుండి 3.6కు, వోల్టేజి 1.25 నుండి 1.45కు పెంచితిమనుకొనుడు. వేగము ఒకటిన్నర రెట్లు. వోల్టేజి 1.16 రెట్లు; దాని వర్గము సుమారు 1.35. రెంటిని గుణించగా 2.02. లాభము సగము, వేడి రెట్టింపు! వోల్టేజి ముట్టక 3.0 వద్ద ఆగినచో వేగమును వేడియు సమముగా 1.25 రెట్లే పెరుగును. 2007వ సంవత్సరము మధ్యమున వచ్చిన జీ0 రకమునకు సహజముగనే 95 వాట్లు, అంతకుముందటి దానికి 105 వాట్లు చెప్పబడినవి గనుక, రెట్టింపనగా నెంతయో యూహింపుడు.

ఈ లెక్క నాకు తెలియక కాదు. తెలిసియే ఒక జనవరి రాత్రి నా యంత్రమును 1.45 వోల్టులతో 3.6కు తెచ్చితిని. గదిలో 26 డిగ్రీలు, కోర్లలో 73. పరీక్ష రాత్రియంతయు జరిగినను తప్పు రాలేదు. ఉబ్బిపోతిని. చల్లార్చు ఫ్యాను గాలికన్న చల్లగా దేనిని చేయజాలదు. గదిగాలిపై నిన్ని డిగ్రీలని మాత్రమే దాని శక్తి. మే నెలలో గది 41 డిగ్రీలైనది, కోర్లు 88. వేడెక్కిన ట్రాన్సిస్టర్లు మందగించును. ఆ దినములలోనే మా చెల్లెలి పెండ్లి ఛాయాచిత్రములను ఒక జిప్ కట్టగా కూర్చి, చోటు కొఱకు అసలు ప్రతులను తుడిచివేసితిని. యంత్రము ఆగలేదు, హెచ్చరింపలేదు. మఱునాడు కట్ట విప్పగా పెక్కు చిత్రములు సగమునుండి బూడిదవర్ణపు గీతలే. హద్దు మీఱిన వేడికి ప్రాసెసరు తానే వేగము తగ్గించుకొను నేర్పాటున్నది గాని, తప్పులెక్క ఆ హద్దునకు ముందే పుట్టవచ్చును. నేను చెప్పిన యపాయమిదియే. చెల్లెలు నన్నేమియు ననలేదు. అది మఱింత కష్టమైనది.

కావున క్రమమిది. ముందుగా దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి క్రొత్తది పలుచగా పూయవలెను. వోల్టేజి నట్లే యుంచి మూలగడియారమును పది పది మెగాహెర్ట్జులుగా పెంచుచు, ప్రతిమెట్టు వద్ద ప్రైమ్95 వంటి పరీక్ష పెట్టవలెను. మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకై పుట్టిన ఈ ప్రోగ్రాము ముందే తెలిసిన ఫలితములతో తన లెక్కను పోల్చుకొని, తేడా వచ్చినచో చెప్పును. తప్పు వచ్చినచో ఒక మెట్టు దిగుట మేలు, తప్పదనుకొన్న 0.025 వోల్టు చొప్పున పెంచవచ్చును. బయోస్‌లో పెట్టిన వోల్టేజి భారము పడినపుడు కొంత తగ్గుననియు ఎఱిగియుండవలెను. పరీక్షను చలిరాత్రి గాక, ఇంటిలో నెన్నడును రాగల మిక్కిలి వేడి వేళ చేయవలెను.

ప్రస్తుతము నా యంత్రము 333ను 9తో గుణించి, వోల్టేజి మార్పక, 3.0 వద్ద నడచుచున్నది. రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నము, గది 41 డిగ్రీలుండగా, ఆఱు గంటలు పరీక్షించితిని. కోర్లు 70 వద్ద నిలిచినవి. ఛాయాచిత్రములకు మాత్రము ఇపుడు రెండు ప్రతులున్నవి.