‘మ’ - పేరు దాచుకొన్న లేఖకుడు

శ్రీరామకృష్ణ కథామృతమునకు కర్తగా కనిపించునది ‘మ’ అను ఒక్క అక్షరమే. ఆ అక్షరము చాటున నున్నవారు మహేంద్రనాథ గుప్త. 1854లో జన్మించి, కలకత్తాలో విద్యాసాగరుల శ్యాంబజారు పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైన ఆయన, 1882 ఫిబ్రవరిలో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులను తొలిసారి దర్శించిరి.

ఇల్లు చేరిన పిదప, విన్న మాటలను జ్ఞప్తికి తెచ్చుకొని దినచర్యలో వ్రాసికొనెడివారు. ఒక్కనాటి ముచ్చటకు కొన్ని దినములు పట్టుటయు కలదు. తేది, తిథి, వేళ, స్థలము, అచట కూర్చున్నవారి పేర్లు అన్నియు గ్రంథమున చేరినవి. తాను మాత్రము ఒకచోట ‘మణి’, మరొకచోట ‘మాస్టరు’, వేరొకచోట ‘ఒక భక్తుడు’.

సాక్ష్యము విషయమున ఆయన మిక్కిలి కఠినులు. స్వయముగా చూచి ఆనాడే వ్రాసికొన్నది, చూచియు అప్పుడు వ్రాయనిది, పరులవలన విన్నది అని మూడు తరగతులు చేసి, మొదటిదానినే కథామృతమున గ్రహించిరి. పేర్లును తేదీలును ఉండుటచే, ఆనాటివారెవరైనను దానిని సరిచూడవచ్చునట్లుండెను.

ఇందుకు ఆయన చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. గురువు కంఠవ్యాధితో బాధపడుచుండగా మాటిమాటికి అచటికి పోవుటచేతనే పరీక్షాఫలితములు తగ్గినవని విద్యాసాగరులు ఆక్షేపింపగా, సంసారభారము మీదనున్నను ఉద్యోగమును విడిచిరి. (విద్యాసాగరుల మాటలోను ఉపాధ్యాయధర్మము లేకపోలేదు.)

1897లో ఆంగ్లమున కొంతభాగము ప్రకటింపగా చదివి, సోక్రటీసు సంభాషణలలో అంతటను ప్లేటోయే కనిపించుననియు, ఇందు లేఖకుడు పూర్తిగా మరుగుపడెననియు వివేకానందస్వామి మెచ్చుకొనిరి. వంగభాషలో మొదటి భాగము 1902లో వెలువడెను. ఐదవది 1932లో, ఆయన మరణించిన సంవత్సరముననే వచ్చెను. ఆ దినచర్య వ్రాసి అప్పటికి సుమారు అర్ధశతాబ్దము గడచినది.