మెరుపు చదరంగము – నిదానపు సాధన



గత సంవత్సరము అర్ధవార్షిక పరీక్షలు ముగిసిన మరునాడు, మా పాఠశాల విద్యార్థి యొకని తల్లి నా గదికి వచ్చి, చేతనున్న ఫోనును నా బల్లమీద నుంచి, "మాస్టారూ, దీన్ని పగలగొట్టమంటారా, వాడి చేతికే ఇచ్చేయమంటారా? మీరే చెప్పండి" అని అడిగెను.

ఆ బాలుడు చదరంగములో సామాన్యుడు కాడు. జిల్లా పోటీలలో బహుమతులు పొందినవాడు. బల్లకు ఎదురుగా కూర్చున్నచో పెద్దలను సైతము నిదానముగా ఓడింపగలవాడు. అయితే కొన్ని నెలలుగా రాత్రి భోజనమైన పిదప ఫోనులో, ముఖమెరుగని ప్రత్యర్థులతో, మూడేసి నిమిషముల ఆటలు ఆడుచు అర్ధరాత్రి దాటించుచుండెను. ఆటలు వేలకు చేరినవి. రేటింగు మాత్రము కొంతకాలము ఉన్నచోటనే నిలిచి, అటుపిమ్మట దిగజారసాగినది. గణితములో మార్కులును దానివెంటనే దిగినవి. "వేగంగా ఆడితేనే గదా వేగం వచ్చేది?" అని బాలుని వాదము. "ఇది ఆట కాదు, వ్యసనం" అని తల్లి వాదము.

నేను ఎక్కువ ఆలోచింపక, "ఫోను బీరువాలో పెట్టి తాళం వేయండి" అని చెప్పి పంపితిని. నెల తిరుగకమునుపే ఆ బాలుడు స్నేహితుల ఫోనులలో ఆడుచున్నాడని తెలిసినది. స్థితిని పరిశీలింపక మొదట తోచిన ఎత్తు వేయుట బాలుని దోషమైనచో, ఆనాడు నేను చేసినదియు అదియే. పిదప ఈ విషయమును గూర్చి చదివి, చూచి, తెలిసికొన్నదానిని ఈ వార్షిక సంచికలో మీ ముందుంచుచున్నాను. చదరంగములో నేను మధ్యరకపు ఆటగాడను. కాని నేర్పుట నా వృత్తి. ఈ ప్రశ్న ఆటకు సంబంధించినంతగా నేర్చుకొనుటకును సంబంధించినది.

వేగపు ఆటలు – వాని విధములు

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమముల ప్రకారము, ఒక్కొక్క ఆటగానికి 10 నిమిషములకు మించి 60 నిమిషములకు లోపల కాలమున్న ఆట 'ర్యాపిడ్'. 10 నిమిషములు గాని అంతకు తక్కువ గాని ఉన్నది 'బ్లిట్జ్'. ప్రపంచ బ్లిట్జ్ పోటీలలో ఒక్కొక్కరికి 3 నిమిషములును, వేసిన ప్రతి ఎత్తుకు 2 సెకనుల చేర్పును ఇత్తురు. ఇంటర్నెట్టులో ఒక్క నిమిషపు ఆటలు కూడ కలవు. వానిని 'బుల్లెట్' అందురు. మన పిల్లలు రాత్రులయందు ఆడునవి ఎక్కువగా ఈ చివరి రెండు రకములే.

మన నగరము చెప్పు పాఠము

మెరుపు చదరంగమును గూర్చి తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మన దేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టరు మాన్యుయెల్ ఆరన్ 1972లో ఈ నగరమున, సోవియట్ సాంస్కృతిక కేంద్రములో, తాల్ చదరంగ సంఘమును నెలకొల్పెను. బాలుడైన విశ్వనాథన్ ఆనంద్ వేగపు ఆటలలో ఆరితేరినది అచ్చటనే. ఆయన వేగమును చూచి లోకము 'మెరుపు బాలుడు' అని పేరు పెట్టినది. ఈ కథను విన్న పిల్లలు, వేగముగా ఆడుటవలననే ఆనంద్ గొప్పవాడాయెనని అనుకొందురు.

కాని దానికి ముందు జరిగిన కథ యొకటి కలదు. ఆరవ యేట ఆయనకు ఆట నేర్పినది తల్లి. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబము మనీలా నగరమున నున్నప్పుడు, అచ్చటి టెలివిజనులో పగటివేళ చదరంగ కార్యక్రమము వచ్చెడిది. కుమారుడు బడిలో నుండగా తల్లి అందలి చిక్కుప్రశ్నలను వ్రాసి యుంచెడిది. సాయంకాలము ఇరువురును కూర్చుండి వానిని సాధించెడివారు. మెరుపు వెనుక మేఘమున్నట్లు, ఆ వేగము వెనుక అట్టి సాయంకాలములు కలవు.

రెండవ ఉదాహరణము మన తెలుగు కుటుంబపు బిడ్డ. 2006లో ఈ చెన్నపట్టణమున జన్మించిన దొమ్మరాజు గుకేశ్ నడచిన త్రోవ వేరు. ఆయన గురువు విష్ణు ప్రసన్న, శిష్యుడు గ్రాండ్‌మాస్టరు స్థాయిని దాటువరకు కంప్యూటరు ఇంజనును వాడనీయక, స్వయముగా లెక్కించుటనే నేర్పెను. అందువలన నిదానపు ఆటలో గుకేశ్ బలము ముందు పెరిగినది. వేగపు ఆటలో కొంత వెనుకబడినది. 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో, 14వ ఆటకు ముందు ఆయనయు డింగ్ లిరెన్‌యు చెరి 6.5 పాయింట్లతో సమముగా నుండిరి. ఆ ఆటయు సమమైనచో నిర్ణయము వేగపు ఆటలకు పోయెడిది. అందు డింగ్‌దే పైచేయి యని పలువురు తలచిరి. గుకేశ్ తొందరపడి సమముగా ముగింపక, చిన్న ఆధిక్యమును పట్టుకొని గంటలకొలది ఆడెను. ప్రత్యర్థి 55వ ఎత్తున తప్పు చేసెను. 18 ఏండ్ల బాలుడు ప్రపంచ విజేత యాయెను.

మరి వేగపు ఆటలో ఆయన ఎదుగలేదా? ఎదిగెను. 2022 అక్టోబరులో ఇంటర్నెట్టుపై జరిగిన ఎయిమ్‌చెస్ ర్యాపిడ్ పోటీలో, నాటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సెన్‌ను ముందు మన ఓరుగంటి యువకుడు అర్జున్ ఎరిగైసి, మరునాడు గుకేశ్ ఓడించిరి. 2025 జూలైలో జాగ్రెబ్ నగరమున ర్యాపిడ్ భాగములో గుకేశ్ 18కి 14 పాయింట్లు పొంది మొదటివాడాయెను. ఆ వెంటనే జరిగిన బ్లిట్జ్ భాగములో జారి, మొత్తముమీద మూడవ స్థానమున నిలిచెను. ప్రపంచ విజేతకైనను నిదానపు బలము వేగముగా మారుటకు కాలము పట్టుననియు, ర్యాపిడ్ ఒక మెట్టు, బ్లిట్జ్ మరియొక మెట్టు అనియు దీనివలన తెలియుచున్నది.

వేగమనగా నేమి?

వేగము వ్రేళ్ళలో గాని, లేత వయసులో గాని ఉన్నదనుకొందము. అట్లయినచో 2017లో 48వ యేట ఆనంద్ ప్రపంచ ర్యాపిడ్ విజేత యగుట యెట్లు? 2019లో గెలిచిన కోనేరు హంపి, ఒక బిడ్డకు తల్లియై, 2024లో 37వ యేట రెండవమారు మహిళల ప్రపంచ ర్యాపిడ్ కిరీటమును పొందుట యెట్లు?

1973లో చేజ్, సైమన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము చెప్పుచున్నది. నిజమైన ఆటలోని స్థితిని 5 సెకనులు మాత్రము చూపి తీసివేయగా, గొప్ప ఆటగాడు పావులను చాలవరకు మరల సరిగా పేర్చగలిగెను. కొత్తవాడు కొద్దిపావులనే పేర్చగలిగెను. అవే పావులను అర్థములేకుండ వెదజల్లి చూపినప్పుడు, ఇద్దరి నడుమ భేదము దాదాపు లేకపోయెను. అనగా గొప్పవాని కన్ను విడివిడి పావులను గాక, పరిచితములైన పొందికలను చూచుచున్నది. అక్షరములు కూడబలుకు బాలుడు ఆలస్యముగను, పదములు తెలిసినవాడు వేగముగను చదువుటయు ఇట్టిదే.

తెలుగువారికి ఇది క్రొత్త విషయము కాదు. అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టుముట్టగా అవధాని తడుముకొనక పద్యము చెప్పును. ఒకప్పుడు ఆ ఎనిమిదింటిలో చదరంగమును ఒకటిగా నుండెడిది. ఆ వేగము సభలో పుట్టినది కాదు. ఏండ్ల తరబడి ఛందస్సును, కావ్యములను నెమరువేసిన గది లోపల పుట్టినది. ఎక్కములు వచ్చినవాడు వెంటనే చెప్పును. రానివాడు వెంటనే చెప్పబోయి తప్పు చెప్పును. మొదటిది వేగము, రెండవది తొందర. బయటికి రెండును ఒకటిగానే కనబడును.

వేల ఆటలు ఆడియు ఎదుగకపోవుటకు కారణము ఇదియే. మెరుపు ఆట మనకు తెలిసినదానిని పరీక్షించును గాని, తెలియనిదానిని నేర్పదు. ఒక ఆట ముగిసిన మరుక్షణమే రెండవది మొదలుపెట్టువాడు, దిద్దని ప్రశ్నపత్రములను రోజుకు ఇరువది వ్రాయు విద్యార్థి వంటివాడు. తప్పులు దిద్దుబాటు కాకపోగా అలవాటుగా గట్టిపడును.

బలమైన ఆటగాడు చేయవలసిన సాధన

మొదటిది, కాలపు లెక్క. 3 నిమిషములనగా 180 సెకనులు. ఆట 40 ఎత్తులు సాగినచో ఒక్కొక్కదానికి నాలుగున్నర సెకనులు. ఒక్క ఎత్తుకు 30 సెకనులు వెచ్చించినవాడు తన మూలధనములో ఆరవవంతు ఖర్చుచేసినవాడు. ఇట్టి ఖర్చు ఆటకు ఒకటి రెండు మారులు, పావుల మార్పిడి గాని, రాజుపై దాడి గాని జరుగు కీలకస్థలముననే చేయవలెను. బలమైన ఆటగాని సామాన్య దోషము తెలియకపోవుట కాదు, ఎక్కువ తెలియుట. రెండు మంచి ఎత్తులు కనబడగా, ఏది మేలో తేల్చుకొనలేక కాలమును పోగొట్టుకొనును. రెండును మంచివైనప్పుడు ఏదో యొకటి వెంటనే వేయుటయే సరియైన పద్ధతి.

రెండవది, చేర్పుకాలము గల ఆటలనే ఆడుట. ఎత్తుకు 2 సెకనుల చేర్పున్నచో 40 ఎత్తులకు 80 సెకనులు అదనముగా వచ్చును. గెలిచిన స్థితిని గెలుపుగా ముగించు అలవాటు దీనివలన ఏర్పడును. ఒక్క నిమిషపు ఆటలలో చేతి చురుకుదనమే తప్ప బుద్ధికి అవకాశము తక్కువ.

మూడవది, మితము. ఒక కూర్పునకు ఐదారు ఆటలు చాలును. వరుసగా రెండు ఓడినచో ఆనాటికి ముగింపవలెను. పోయిన పాయింట్లను ఆ రాత్రియే తిరిగి రాబట్టవలెనను పట్టుదల జూదరి బుద్ధి గాని ఆటగాని బుద్ధి కాదు.

నాలుగవది, ఓటముల పుస్తకము. ఓడిన ప్రతి ఆటను ఇంజనుకు చూపక మునుపు తానే చూడవలెను. ఆట ఏ ఎత్తున చేజారినది? ఆ క్షణమున తానేమి తలచెను? గడియారములో ఎంత కాలమున్నది? ఈ మూడింటిని రెండు పంక్తులలో వ్రాయవలెను. పిమ్మటనే ఇంజనుతో సరిచూచుకొనవలెను. ముందే జవాబు చూచిన లెక్క ఎన్నటికిని రాదు.

ఐదవది, ముందే సిద్ధపరచుకొనుట. ప్రారంభపుటెత్తుల వరుసలు తెల్లపావులకు ఒకటి, నల్లపావులకు రెండు బాగుగా నేర్చిన చాలును. పది వరుసలు అరకొరగా నేర్చుట వృథా. అట్లే ఏనుగు, బంటు మిగిలిన అంత్యఘట్టములలో గెలుపునకు లుసీనా స్థితిని, సమము చేసికొనుటకు ఫిలిడోర్ స్థితిని కన్నుమూసి ఆడగలుగువరకు అభ్యసింపవలెను. చివరి పది సెకనులలో ఆలోచనకు చోటు లేదు, జ్ఞాపకమునకే చోటు.

ఆరవది, ప్రతిదినము కొన్ని చిక్కుప్రశ్నలు. మొదట గడియారము లేకుండ, జవాబు పూర్తిగా తోచువరకు సాధింపవలెను. వారము గడచిన పిదప వానినే గడియారము పెట్టి మరల సాధింపవలెను. నిదానముగా కట్టిన బాటపైననే వేగముగా నడువగలము.

తలిదండ్రుల పాలు

2022 మే నెలలో మన నగరపు బాలుడు ప్రజ్ఞానంద, ఇంటర్నెట్టు పోటీ సెమీఫైనలులో అనీశ్ గిరిని ఓడించి లేచువేళకు రాత్రి 2 గంటలు దాటినది. ఉదయముననే పదునొకండవ తరగతి పరీక్ష. ఈ కథను మన పిల్లలందరు చెప్పుదురు. అది విదేశపు కాలమానమును బట్టి జరిగిన పోటీలోని సంగతి గాని, ప్రతిరాత్రి అలవాటు కాదని మనము వారికి చెప్పవలెను. గుకేశ్‌కు నాలుగవ తరగతి పిదప క్రమమైన బడిచదువు ఆగినది. తండ్రి తన వైద్యవృత్తిని ప్రక్కనుంచి కుమారునివెంట పోటీలకు తిరిగెను. తల్లి సంపాదనపై ఇల్లు నడచినది. అది ఆ కుటుంబము ఎంచుకొన్న త్యాగము. అందరికి విధి కాదు.

మనవలన కాగల పని చిన్నది. ఫోను రాత్రి భోజనమునకు ముందే ఆగునట్లు చూచుట మొదటిది. రెండవది, "గెలిచావా, ఓడావా?" అని గాక, "ఏ ఎత్తు దగ్గర ఆట తిరిగింది?" అని అడుగుట. మీకు చదరంగము రాకపోయినను అడుగుడు. ఇంటిలో తెలుగులోనే విడమరచి చెప్పించుకొనుడు. గుఱ్ఱము ఏల తప్పుచోటికి పోయినదో అమ్మకు అర్థమగునట్లు చెప్పగలిగిన బాలునకు, తన తప్పు తనకు మొదట అర్థమగును. బడిలో నేర్చిన మాతృభాష ఆలోచనకు పనిముట్టగుట ఇట్టివేళలలోనే.

ఆ తల్లిని మరల పిలిపించి నా పొరపాటును ఒప్పుకొంటిని. ఫోను బాలునకు తిరిగి ఇప్పించితిమి. దానితోపాటు ఒక నోటు పుస్తకమును ఇచ్చితిని. రోజుకు ఐదు ఆటలు, ఓడిన ప్రతిదానికి రెండు పంక్తులు, క్రింద అమ్మ సంతకము. మొదటి వారము అతడు అలిగెను. రెండవ నెలలో పుస్తకమును నాకు చూపి, "సార్, సగానికి పైగా ఒకే తప్పు. బాగున్న ఆటలోనే టైము పోగొట్టుకుంటున్నాను" అనెను. వేల ఆటలు చెప్పని మాటను ఆ పుస్తకము చెప్పినది. రేటింగు ఇంకను గొప్పగా పెరుగలేదు. పడిపోవుట మాత్రము ఆగినది. పదిన్నరకు నిద్రపోవుచున్నాడు. మొన్న ఆ తల్లి వచ్చి, గుఱ్ఱము ఎట్లు నడుచునో తనకు తెలిసినదని నవ్వుచు చెప్పెను.

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పినది వేగమును నిందించుటకు కాదు. వేగము కావలసినవాడు మొదలుపెట్టవలసిన చోటు అదియే యని దాని భావము.